మానీ పకియావ్: బాక్సింగ్ ప్రస్థానం, చరిత్రలో స్థానం – తరచుగా అడిగే ప్రశ్నలు

మానీ పకియావ్ ఎవరు? అతడి గురించి ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పుకుంటున్నారు?

ఇమ్మాన్యుయేల్ పకియావ్ 1978 డిసెంబర్ 17న దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో, బుకిద్నోన్ ప్రాంతంలోని కిబావే అనే ఊళ్లో పుట్టాడు. అదే దీవిలోని జనరల్ సాంటోస్ నగరంలో పెరిగాడు. 1995లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అడుగుపెట్టి, 8 వేర్వేరు బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఏకైక బాక్సర్‌గా నిలిచాడు. 2025 జులై నాటికి అతడు 73 సార్లు బరిలోకి దిగి 62 సార్లు గెలిచాడు, 8 సార్లు ఓడాడు, 3 పోరాటాలు డ్రా అయ్యాయి. గెలుపుల్లో 39 నాకౌట్లు. అతడి స్థానం ఏమిటన్న ప్రశ్నకు ఈ అంకెల్లో సగం జవాబే దొరుకుతుంది. ఎవరిని, ఏ బరువు దగ్గర, ఎలాంటి స్థితిలో ఓడించాడన్నది చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

8 విభాగాల్లో టైటిళ్లు గెలవడం అంత గొప్ప విషయమా?

అవును, అందుకు కారణం తూకంలోనే ఉంది. బాక్సింగ్‌లో పోరాటానికి ముందు రోజు ఇద్దరినీ తూచి, ఒప్పుకున్న పరిమితికి లోబడి ఉన్నారో లేదో చూస్తారు. పకియావ్ మొదటి ప్రపంచ టైటిల్ గెలిచిన ఫ్లైవెయిట్ పరిమితి 112 పౌండ్లు, అంటే 51 కిలోల లోపే. చివరగా గెలిచిన సూపర్ వెల్టర్ వెయిట్ పరిమితి 154 పౌండ్లు, అంటే దాదాపు 70 కిలోలు. ఈ రెంటికీ మధ్య 19 కిలోల తేడా ఉంది. పై విభాగానికి వెళ్లడమంటే నాలుగు ముద్దలు ఎక్కువ తిని బరువు పెరగడం కాదు. మనిషి ఎముక మారదు, చేతి పొడవు మారదు, ఎదుటివాడి దెబ్బ మాత్రం బరువెక్కుతూ పోతుంది. చాలామంది బాక్సర్లు రెండు మూడు విభాగాలు దాటేసరికి వేగం పోగొట్టుకుంటారు, లేదా కింది విభాగంలో నాకౌట్ చేసిన దెబ్బ పై విభాగంలో పని చేయక ఆగిపోతారు. పకియావ్ విషయంలో ఈ రెండూ జరగలేదు.

వరుస చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 1998 డిసెంబర్‌లో థాయిలాండ్ వెళ్లి చాచాయ్ ససాకుల్‌ను 8వ రౌండ్‌లో పడగొట్టి ఫ్లైవెయిట్ చాంపియన్ అయ్యాడు. మధ్యలోని రెండు విభాగాలను వదిలేసి 2001లో సూపర్ బాంటమ్ వెయిట్‌లో లెహ్లోహొనోలో లెద్వాబాను, 2003లో ఫెదర్ వెయిట్‌లో మార్కో ఆంటోనియో బరేరాను ఓడించాడు. 2008 మార్చిలో హువాన్ మాన్యుయెల్ మార్క్వెజ్‌పై గెలిచి సూపర్ ఫెదర్, అదే ఏడాది జూన్‌లో డేవిడ్ డియాజ్‌పై గెలిచి లైట్ వెయిట్ టైటిళ్లు సాధించాడు. 2009 మేలో రికీ హాటన్‌పై లైట్ వెల్టర్, నవంబర్‌లో మిగెల్ కొట్టోపై వెల్టర్, 2010 నవంబర్‌లో ఆంటోనియో మార్గరీటోపై సూపర్ వెల్టర్ టైటిళ్లు దక్కాయి. చివరి 5 విభాగాలూ 32 నెలల్లోనే వచ్చాయి.

ఆ 8 టైటిళ్లూ ఒకే స్థాయివేనా? కొన్ని లెక్కలోకి రావని అంటారు కదా?

ఒకే స్థాయివి కావు. దీన్ని దాచిపెట్టి అతణ్ని పొగడాల్సిన అవసరమూ లేదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్, వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్, ఇంటర్నేషనల్ బాక్సింగ్ ఫెడరేషన్, వరల్డ్ బాక్సింగ్ ఆర్గనైజేషన్ అని నాలుగు ప్రధాన సంస్థలు ఉన్నాయి. ప్రతి విభాగంలోనూ ఒక్కో సంస్థ ఒక్కో బెల్ట్ ఇస్తుంది. పకియావ్ 8 విభాగాల్లో 6 చోట్ల ఈ సంస్థల బెల్ట్‌లు గెలిచాడు. ఫెదర్, లైట్ వెల్టర్ విభాగాల్లో మాత్రం ‘ద రింగ్’ పత్రిక గుర్తించే చాంపియన్‌షిప్‌నే లెక్కలోకి తీసుకుంటారు. విమర్శకులు పట్టుకునేది ఈ రెండింటినే. అయితే అప్పట్లో బరేరా, హాటన్ ఇద్దరూ తమ తమ విభాగాల్లో అగ్రస్థానంలో ఉన్నవారని బాక్సింగ్ లోకం ఒప్పుకుంది. సంస్థ ముద్ర లేకపోయినా ఆ విభాగంలో మేటి మనిషిని ఓడించడమే అసలైన గెలుపని నా అభిప్రాయం.

నిజంగా బలహీనమైన చోటు 8వ టైటిల్. అప్పటికి ఆ బెల్ట్ ఎవరి దగ్గరా లేదు, ఖాళీగా ఉంది. పరిమితి 154 పౌండ్లు అయినా ఒప్పందంలో 150 పౌండ్లకే కుదించారు. ఇలా ముందే మాట్లాడుకున్న బరువును క్యాచ్‌వెయిట్ అంటారు. కొట్టోతో పోరాటాన్ని కూడా 147కు బదులు 145 పౌండ్ల దగ్గర పెట్టారు. పెద్ద శరీరం ఉన్నవాడు చివరి రెండు పౌండ్లు దించడానికి ఒంట్లో నీరు పోగొట్టుకుని నీరసిస్తాడు కాబట్టి ఈ ఆక్షేపణలో న్యాయం ఉంది.

కానీ మార్గరీటోతో జరిగిన పోరాటాన్ని చూసినవారు ఆ వాదాన్ని అంతటితో వదలలేరు. తూకంలో పకియావ్ ఒప్పుకున్న 150 కూడా అందుకోలేక 144.6 పౌండ్ల దగ్గరే ఆగాడు. ఎదుట నిలిచినవాడు అతడికంటే దాదాపు ఐదు అంగుళాలు పొడవు. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆ రాత్రి 12 రౌండ్ల పాటు పకియావ్ లోపలికి దూరి కొట్టి పక్కకు తప్పుకోవడం, మళ్లీ దూరడం తప్ప ఇంకేమీ చేయలేదు. పదకొండో రౌండ్‌కు మార్గరీటో ముఖం వాచి, కుడి కన్ను మూసుకుపోయింది. అప్పుడు పకియావ్ చేతులు వెనక్కి తీసుకుని, పోరాటం ఆపమన్నట్టు రిఫరీ లారెన్స్ కోల్ వైపు చూశాడు. రిఫరీ ఆపలేదు. చివరి రౌండ్‌లో పకియావ్ బలంగా కొట్టడం మానేశాడు. మార్గరీటోకు కంటి గూటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. ముగ్గురు జడ్జీలూ పకియావ్‌నే భారీ తేడాతో విజేతగా ప్రకటించారు. గెలుపు ఖాయమైన వేళ ఎదుటివాడి కన్ను గురించి ఆలోచించిన బాక్సర్‌ను మనం తరచుగా చూడం.

అతడు నిజంగానే జేబులో బరువులు పెట్టుకుని తూకానికి వెళ్లాడా?

వెళ్లాడు, ఆ మాట అతడే చెప్పాడు. ఇంట్లో గడవక పద్నాలుగేళ్ల వయసులో ఇల్లు వదిలి రాజధాని మనీలా చేరి, కొంతకాలం వీధుల్లో గడిపి, పగలు కూలి పని, మిగతా సమయంలో జిమ్ అన్నట్టు బతికాడు. 1995 జనవరి 22న ప్రొఫెషనల్‌గా తొలి పోరాటానికి దిగేనాటికి అతడికి 16 ఏళ్లు. ఒంటి బరువు 98 పౌండ్లు, అంటే 44 కిలోల పైచిలుకు. అన్నిటికంటే చిన్న విభాగానికి కూడా 105 పౌండ్లు చూపించాలి కాబట్టి జేబుల్లో బరువులు దాచుకుని తక్కెడ ఎక్కాడు. బాక్సర్లు మామూలుగా తూకం ముందు తిండి మాని, చెమటోడ్చి బరువు దించుకుంటారు. ఇతడు మాత్రం లేని బరువును ఉన్నట్టు చూపించాడు. నాలుగు రౌండ్ల ఆ పోరాటంలో పాయింట్లపై గెలిచాడు.

తక్కెడ అతణ్ని ఒకసారి ఓడించింది కూడా. 1999 సెప్టెంబర్‌లో థాయిలాండ్‌లో మెద్గోయెన్ సింగ్‌సురాత్‌తో పోరాటానికి ముందు 112 పౌండ్ల పరిమితికి దిగలేక ఫ్లైవెయిట్ టైటిల్‌ను అక్కడే కోల్పోయాడు. ఆపై మూడో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. ఎదిగే వయసు కుర్రాడిని చిన్న విభాగంలో బిగించి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అమెరికాలో అతడికి పేరు ఎలా వచ్చింది?

2001లో పకియావ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు, అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాడు. హాలీవుడ్‌లో శిక్షకుడు ఫ్రెడీ రోచ్ నడిపే వైల్డ్ కార్డ్ జిమ్‌లో ఒకరోజు సాధన చేశాడు. ఆ కాసేపటిలోనే ఇద్దరికీ పొత్తు కుదిరింది. కొద్ది వారాలకే లెద్వాబాతో తలపడాల్సిన బాక్సర్ తప్పుకోవడంతో, రెండు వారాల ముందు పకియావ్‌కు పిలుపు వచ్చింది. జూన్ 23న లాస్‌వేగాస్‌లో ఎవరికీ తెలియని ఎడమచేతి వాటం కుర్రాడు చాంపియన్‌ను 6వ రౌండ్‌లోనే ఆపేశాడు. రెండేళ్ల తర్వాత శాన్ ఆంటోనియోలో బరేరాను 11వ రౌండ్‌లో ఆపేసరికి ఇక పరిచయం అవసరం లేకపోయింది.

అతడి ఆట తీరులో ప్రత్యేకత ఏమిటి?

మొదట్లో ఉన్నదల్లా ఎడమచేతి దెబ్బ, అలుపెరగని కాళ్లు. 2005 మార్చిలో ఎరిక్ మొరాలెస్ ఆ ఎడమచేతిని కనిపెట్టి పాయింట్లపై ఓడించాడు. ఆ ఓటమి తర్వాత రోచ్ అతడి కుడిచేతిని తీర్చిదిద్దాడు. ఫలితంగా 2006లో అదే మొరాలెస్‌ను రెండుసార్లు, ఒకసారి 10వ రౌండ్‌లో, ఇంకోసారి 3వ రౌండ్‌లో పడగొట్టాడు. అసలు రహస్యం పాదాల్లో ఉందని గమనించి చూస్తే తెలుస్తుంది. నాలుగైదు దెబ్బలు కొట్టి, ఎదుటివాడు తిరిగి కొట్టేలోగా పక్కకు జరిగి, వేరే కోణం నుంచి మళ్లీ మొదలుపెడతాడు. దెబ్బ తిన్నవాడు జవాబు ఇచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండరు. 2008 డిసెంబర్‌లో ఆస్కార్ డి లా హోయాకు ఎదురైంది అదే. ఆరు విభాగాల చాంపియన్ అయిన డి లా హోయా 8 రౌండ్ల తర్వాత కుర్చీ మీద నుంచి లేవలేదు. ఆ తర్వాత మరి పోటీకే దిగలేదు.

మార్క్వెజ్‌తో నాలుగు పోరాటాల్లో నిజంగా ఎవరు మెరుగు?

ఈ ప్రశ్న మీద ఫిలిప్పీన్స్, మెక్సికో అభిమానులు ఇప్పటికీ ఒక మాట మీదికి రారు. 2004 మేలో మొదటి పోరాటం తొలి రౌండ్‌లోనే మార్క్వెజ్ మూడుసార్లు కింద పడ్డాడు. ఇంకొకరైతే అక్కడితో ముగిసేది. అతడు లేచి, విరిగిన ముక్కుతోనే పకియావ్ ఎడమచేతిని చదువుకుంటూ ఒక్కో రౌండ్ వెనక్కి తెచ్చుకున్నాడు. ఫలితం డ్రా. జడ్జీల్లో ఒకరైన బర్ట్ క్లెమెంట్స్, మూడుసార్లు పడిన ఆ రౌండ్‌కు 10-6 (పకియావ్‌కు 10, మార్క్వెజ్‌కు 6 పాయింట్లు) వేయాల్సింది 10-7 వేశానని తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పాయింట్ సరిగా పడి ఉంటే పకియావ్ గెలిచేవాడు.

2008లో రెండో పోరాటంలో పకియావ్ గెలిచాడు గానీ జడ్జీలు ఇద్దరు ఇటు, ఒకరు అటు అయ్యారు. 2011 నవంబర్‌లో మూడోది కూడా పకియావ్‌కే ఇచ్చారు. ఆ రాత్రి మార్క్వెజ్ గెలిచాడని నమ్మేవాళ్లు చాలామంది, వారి వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నాలుగోది 2012 డిసెంబర్ 8న జరిగింది. మూడో రౌండ్‌లో పకియావ్, అయిదో రౌండ్‌లో మార్క్వెజ్ పడి లేచారు. అప్పటికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ పకియావ్ ఒక్క పాయింట్ ముందున్నాడు. ఆరో రౌండ్ ముగియడానికి ఒక్క సెకను మిగిలి ఉండగా పకియావ్ ముందుకు దూకాడు. మార్క్వెజ్ వెనక్కి ఒరుగుతూ కుడిచేతిని ఎదురుగా పంపాడు. పకియావ్ బోర్లా పడి చాలాసేపు కదల్లేదు. లెక్కలో రెండు గెలుపులు పకియావ్‌వి, ఒకటి మార్క్వెజ్‌ది, ఒకటి డ్రా. కానీ మొత్తం 42 రౌండ్ల ఆటను కలిపి చూస్తే ఇద్దరూ సమఉజ్జీలనే అంటాను. ఆ మాట వల్ల పకియావ్ స్థాయి తగ్గదు.

మేవెదర్ చేతిలో ఓడాడు కదా, అయితే ఆ తరంలో మేటి మేవెదరే కాదా?

2015 మే 2న లాస్‌వేగాస్‌లో ఫ్లాయిడ్ మేవెదర్ పాయింట్లపై స్పష్టంగా గెలిచాడు. ఒక జడ్జి 118-110, మిగతా ఇద్దరు 116-112 ఇచ్చారు. కుడి భుజం గాయంతో దిగానని పకియావ్ తర్వాత చెప్పాడు, శస్త్రచికిత్స కూడా చేయించుకున్నాడు. అయినా ఆ రాత్రి తీర్పు సరైనదే. అమెరికాలో దాదాపు 46 లక్షల ఇళ్లు డబ్బు చెల్లించి ఆ పోరాటాన్ని చూశాయి. అంతకుముందు ఏ పోరాటానికీ అంత ఆదరణ లేదు.

బాధ కలిగించేది ఆ పోరాటం ఆలస్యం కావడమే. 2010లో కుదరాల్సింది రక్త పరీక్షల షరతుల దగ్గర చెడిపోయింది. పకియావ్ సత్తువ పెంచే నిషేధిత మందులు వాడుతున్నాడన్న మాటలు వచ్చాయి. అతడు పరువు నష్టం దావా వేశాడు, 2012లో అది కోర్టు బయట పరిష్కారమైంది. తన వృత్తి జీవితంలో ఏ పరీక్షలోనూ అతడు పట్టుబడలేదు. అయిదేళ్ల ముందు జరిగి ఉంటే ఎవరు గెలిచేవారన్నది ఊహ మాత్రమే. ఊహతో ఒకరి రికార్డు నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వలేం. మేవెదర్ ఓటమి ఎరుగని బాక్సర్‌గా తప్పుకున్నాడు, రక్షణలో అతడికి సాటి లేరు. తనకంటే పెద్ద శరీరాలను వెతుక్కుంటూ వెళ్లినవాడు మాత్రం పకియావ్. ఈ రెండు ఘనతలనూ ఒకే తక్కెడలో వేయడం కష్టం.

బ్రాడ్లీతో, హార్న్‌తో ఓటములు సరైన తీర్పులేనా?

2012 జూన్‌లో టిమోతీ బ్రాడ్లీకి ఇచ్చిన గెలుపు తప్పుడు తీర్పని అప్పుడే విమర్శలు వెల్లువెత్తాయి. పకియావ్ 2014లో, 2016లో అదే బ్రాడ్లీని అనుమానానికి తావు లేకుండా ఓడించాడు. 2017 జులైలో బ్రిస్బేన్‌లో 50 వేల మందికి పైగా జనం ముందు జెఫ్ హార్న్‌తో ఓటమి కూడా వివాదమైంది గానీ, అది బ్రాడ్లీ తీర్పు అంత అన్యాయమైనది కాదు.

నలభై ఏళ్లు దాటాక కూడా గెలిచాడా?

గెలిచాడు. 2019 జులై 20న, నలభై ఏళ్ల వయసులో, అప్పటిదాకా ఓటమి ఎరుగని ముప్పై ఏళ్ల కీత్ థర్మన్‌ను మొదటి రౌండ్‌లోనే ఒకసారి పడగొట్టి, పాయింట్లపై ఓడించాడు. వెల్టర్ వెయిట్ చరిత్రలో అంత వయసులో చాంపియన్ అయినవారు లేరు. 2021 ఆగస్టులో ఎరాల్ స్పెన్స్‌తో తలపడాల్సి ఉండగా స్పెన్స్ కంటి గాయంతో తప్పుకున్నాడు. పదకొండు రోజుల ముందు వచ్చి చేరిన యోర్డెనిస్ ఉగాస్ పాయింట్లపై గెలిచాడు. ఇరవై ఏళ్ల కిందట తానూ అలా చివరి నిమిషంలో వచ్చి లెద్వాబాను ఓడించిన సంగతి అభిమానులకు ఆ రాత్రి గుర్తురాక మానదు. ఆ సెప్టెంబర్‌లో రిటైర్మెంట్ ప్రకటించాడు. 2025 జూన్‌లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. మరుసటి నెలలోనే, 46 ఏళ్ల వయసులో, తిరిగి వచ్చి చాంపియన్ మారియో బారియోస్‌తో 12 రౌండ్లు నిలబడ్డాడు. ఒక జడ్జి బారియోస్‌కు, ఇద్దరు సమానమని ఇవ్వడంతో అది డ్రా అయింది. తలకు తగిలే దెబ్బలు ఆ వయసులో ఎంత ప్రమాదమో తెలిసినవారిగా, ఆనందంతో పాటు భయంతోనూ ఆ పోరాటం చూశాం.

ఫిలిప్పీన్స్‌లో అతడి స్థానం ఏమిటి?

ఆ దేశానికి బాక్సింగ్ కొత్త కాదు. పాంచో విల్లా 1923లోనే ఫ్లైవెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఫ్లాష్ ఎలోర్డే 1960 నుంచి 1967 దాకా టైటిల్ నిలుపుకున్నాడు. అయితే పకియావ్ పోరాటం ఉన్న ఉదయం మనీలా వీధులు ఖాళీ అవుతాయి. సినిమా హాళ్లలో, మైదానాల్లో తెరలు కట్టి చూస్తారు. 2010లో సరంగాని నుంచి దిగువ సభకు, 2016లో సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 2022లో అధ్యక్ష పదవికి పోటీ చేసి 36 లక్షలకు పైగా ఓట్లతో మూడో స్థానంలో నిలిచాడు. బరిలో ఉన్న అభిమానమంతా ఓటుగా మారలేదు.

2016లో స్వలింగ సంపర్కుల గురించి అతడు అన్న మాటలు చాలామందిని గాయపరిచాయి. అతడు క్షమాపణ చెప్పినా నైకీ సంస్థ అతడితో ఒప్పందం రద్దు చేసుకుంది. అది చేయదగిన పనే. బరిలో చూపిన దయను ఆ మాటల్లో చూపలేకపోయాడు.

నిఖత్ జరీన్ కూడా ప్రపంచ చాంపియనే కదా, ఈ రెండింటికీ తేడా ఏమిటి?

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో గెలిచిన టైటిళ్లు అమెచ్యూర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌వి. అక్కడ మూడు రౌండ్లే ఉంటాయి, కొద్ది రోజుల్లో వరుసగా అయిదారుగురితో తలపడాలి, దేశం తరఫున ఆడాలి. పకియావ్‌ది ప్రొఫెషనల్ బాక్సింగ్. టైటిల్ పోరాటం 12 రౌండ్లు సాగుతుంది, ఎదుట ఎవరుండాలో ప్రమోటర్లు ఒప్పందాలతో తేలుస్తారు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడం సరికాదు. మన దేశం నుంచి బీజింగ్ ఒలింపిక్స్ కాంస్య విజేత విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్‌గా మారాడు. పకియావ్‌కు మాత్రం ఒలింపిక్స్ కోరిక తీరలేదు. 2024 పారిస్ క్రీడలకు అవకాశం ఇవ్వమని కోరినా, 40 ఏళ్ల వయోపరిమితి కారణంగా కుదరదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ చెప్పింది.

అతడి పోరాటాలు కొత్తగా చూడాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

2003 నాటి బరేరా పోరాటంతో మొదలుపెట్టి, 2005, 2006 నాటి మొరాలెస్ పోరాటాలు మూడూ వరుసగా చూడండి. కుడిచేయి ఎలా వచ్చి చేరిందో కళ్లకు కడుతుంది. ఆ తర్వాత కొట్టోతో జరిగినది చూడాలి. మూడు, నాలుగు రౌండ్లలో పడి లేచిన కొట్టోను 12వ రౌండ్ మొదటి నిమిషంలో రిఫరీ ఆపేదాకా పకియావ్ వెనక్కి తగ్గలేదు. చివరగా రెండు పోరాటాలను పక్కపక్కన పెట్టుకోండి. 2009లో హాటన్‌ను ఎడమచేతి దెబ్బతో పడుకోబెట్టింది రెండో రౌండ్‌లో 2 నిమిషాల 59 సెకన్ల దగ్గర. 2012లో మార్క్వెజ్ కుడిచేతి దెబ్బకు తాను పడింది ఆరో రౌండ్‌లో సరిగ్గా అదే 2 నిమిషాల 59 సెకన్ల దగ్గర. రెండు చోట్లా అదే బరి, లాస్‌వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్.